పదహారు పాదాలు

పోయిన నెల నంద్యాలలో మా తమ్ముడు ప్రసాదు ఇంటికి వెళ్లాను. ఇల్లు బాగు చేయించుకుంటున్నాడు. అటక మీది సామానంతా దింపించి నడవలో కుప్ప పోశాడు. "అక్కా, నీకేం కావాల్నో ఏరుకో. మిగిలింది పాతసామానోనికి యేస్తా" అన్నాడు. ఎవరికి ఏమిచ్చినా ఇంత మొరటుగా ఇవ్వడం వాడికి పుట్టుకతో వచ్చిన మర్యాద. ఆ కుప్పలో పాత లాంతర్లు, విరిగిన మంచంకోళ్లు, అమ్మ ఆసుపత్రి ట్రంకుపెట్టె, వాటి కింద తుప్పు పట్టిన ఇనప పడి ఒకటి కనిపించాయి. గింజలు కొలుచుకునే పడి. తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "దానికి అడుగున చిల్లులు పడినాయి వదినా, దేనికీ పనికిరాదు" అంది తమ్ముడి భార్య. అవి పడిన చిల్లులు కావు, మా నాయన మేకు పెట్టి సుత్తితో కొట్టి వేసినవి. వాన పడితే నీళ్లు నిలవకుండా ఇంకిపోవడానికి. ఆ పడి ఏడేళ్లు ఆళ్లగడ్డలో మా ఇంటి వెనక భూమిలో పూడ్చి ఉండింది. దొరలు ఆడే గోల్ఫ్ ఆటలో బంతి పడాల్సిన గుంతల్లో అదొకటి. ఈ మాట చెబితే తమ్ముడి భార్య నవ్వాలో వద్దో తెలియక వంటింట్లోకి పోయింది. ఆమెను తప్పు పట్టను. ఆ పడి గురించి ఏమనుకోవాలో అరవై ఏళ్లు దాటినా నాకే తెలియలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాయన ఆళ్లగడ్డలో మిషన్ బడికి డ్రిల్లు మాస్టరు. అమ్మ నంద్యాల మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఒకే మిషన్ జీతం తింటూ మొగుడొక ఊళ్లో, పెళ్లాం ఒక ఊళ్లో. తమ్ముడు చంటివాడు కాబట్టి అమ్మ దగ్గర, నేను నాయన దగ్గర. మా ఇద్దరికీ వండిపెట్టేది నాయనను కన్న మా మార్తమ్మవ్వ. తెల్లారకముందే అవ్వ జొన్నపిండి చరుస్తున్న చప్పుడు, పొయ్యిలో కందికట్టె పొగ, ఆమె తలకు పెట్టుకునే ఆముదం వాసన, అన్నీ కలిసి నన్ను లేపేవి. నాయన అప్పటికే బావి దగ్గర ఉండేవాడు. ఆయనకు ప్రతిదానికీ ఒక లెక్క ఉండేది. తొట్టి నిండడానికి తొమ్మిది బొక్కెనలు, గడ్డం గీసుకోవడానికి కత్తి ఇరవైసార్లు, ఇంటి నుంచి బడిగంట దాకా నూటనలభై అంగలు. పదో బొక్కెన పోస్తే ఏమవుతుందని నేను అడిగితే, "పొర్లిపోతాది" అనేవాడు. 

నెలకొక శనివారం మధ్యాహ్నం బస్సుకు అమ్మ వచ్చేది. చీరె కొంగుకు ఆసుపత్రి మందు వాసన, చంకన తమ్ముడు. ఆదివారం ఆరాధన అయ్యాక సాయంత్రం బస్సుకు పోయేది. ఈ మధ్యలో ఆమె నా తల దువ్వేది, అవ్వతో రెండుసార్లు పోట్లాడేది, నాయనతో గట్టిగా పది మాటలు కూడా మాట్లాడేది కాదు. తమ్ముడికి మాటలొచ్చాక, బడి పిల్లలంతా నాయనను పిలిచేది విని, వాడూ "సార్" అని పిలవడం మొదలుపెట్టాడు. మొదటిసారి పిలిచినప్పుడు అందరం నవ్వాం. నాయన కూడా నవ్వాడు. ఆ తర్వాత నెలల్లో కూడా వాడు సార్ అనే పిలుస్తుంటే, అమ్మ నవ్వడం మానేసింది.

ఇక గోల్ఫ్ సంగతి. బళ్లన్నింటికీ పైన ఒక కరస్పాండెంటు దొర ఉండేవాడు. పెద్దదొర అనేవాళ్లం. నెలకొకసారి జీపులో ఆళ్లగడ్డకు తనిఖీకి వచ్చేవాడు. ఆయనకు వాళ్ల దేశంలో నేర్చిన గోల్ఫ్ పిచ్చి. ఇక్కడ తోడు లేక, డ్రిల్లు మాస్టరు కదా కాళ్లూచేతులూ ఆడతాయని మా నాయనను పట్టుకున్నాడు. పాత కర్రలు రెండు ఇచ్చాడు. బంతిని కొంచెం లేపి వేయడానికి ఇనప ముక్కున్నది ఒకటి, నేల మీద దొర్లించడానికి బల్లపరుపుగా ఉన్నది ఒకటి. బడికీ మా ఇంటికీ వెనక ఉన్న చోటు ఎంతని? ఒక ఎకరం. అదీ నల్లరేగడి. ఎండాకాలం నేల నెర్రెలిస్తే ఆ సందుల్లో బంతి పడి, చేతికి అందనంత లోతుకు పోయేది. దూరం కొట్టే ఆట సాగదు కాబట్టి దగ్గరి దెబ్బలే ఆడేవాళ్లు. ముప్పై నలభై అంగల నుంచి లేపి వేయడం, తర్వాత దొర్లించి గుంతలో వేయడం. మూడే గుంతలు. అవ్వ దీన్ని "ముసలోళ్ల గోలీలాట" అనేది. "పెండ్లయిన మొగోళ్లు బొక్కలో బంతి యెయ్యాలని ఎండలో నిలబడుకుంటారంట" అని పొరుగింటి ఆమెకు చెప్పి నవ్వించేది.

కానీ ఆ ఆటకు నేల సిద్ధం చేసింది అవ్వే. గుంత చుట్టూ నున్నటి పచ్చగడ్డి ఉండాలని దొర చెప్పాడు. ఆళ్లగడ్డలో పచ్చగడ్డి ఎక్కడినుంచి తెస్తాం? నాయన రెండు రోజులు ఆలోచించి, ఒకరోజు సాయంత్రం అవ్వ దగ్గర కూర్చున్నాడు. "మా, కళ్లం అలికినట్ల అలకాల. గింజ పడితే ఎగరకూడదు." అవ్వ మరునాడే పని పట్టింది. పేడ, బూడిద, ఎర్రమట్టి కలిపి, గంగాళంలో తొక్కి, మూడు కళ్లాలు అలికింది. ఎండాక వాటి మీద బంతి ఎంత చక్కగా దొర్లేదంటే, దొర మోకాళ్ల మీద కూర్చుని చేత్తో నిమిరి చూశాడు. ఒకటే నియమం. ఆటకు మూడు రోజుల ముందే అలకాలి. పచ్చి మీద బంతి మందగిస్తుంది. ఇంకొకటి కూడా ఉంది, అవ్వ చెయ్యి ఎటు తిరిగితే ఆ గీతల వెంట బంతి ఒరిగేది. నాయన ఆట మొదలయ్యేముందు కళ్లం పక్కన వంగి తల్లి చేతి గీతలు చదువుకునేవాడు.

అసలు తగువంతా దూరం లెక్క దగ్గర. దొర చెప్పే పద్ధతి వేరు. బంతిని చూడొద్దు, కర్రను చూడొద్దు, గుంతను చూడు, చేతికి అదే తెలుస్తుంది అనేవాడు. చేత్తో బంతిని కిందినుంచి విసిరి చూపేవాడు. విసిరేటప్పుడు ఎవరన్నా లెక్కపెడతారా అనేవాడు. లేపి వేసే దెబ్బకు, బంతి ఎక్కడ నేలను తాకాలో ఆ చోటునే చూడమనేవాడు, మిగతాది దొర్లుడు. నాయన తల ఊపేవాడు, దొర పోయాక తన పద్ధతి తాను చేసుకునేవాడు. ఆయన పద్ధతికి కొలబద్ద నా పాదం. బంతి దగ్గరినుంచి గుంత దాకా నేను వట్టికాళ్లతో మడమకు బొటనవేలు ఆనించి నడవాలి, ఎన్ని పాదాలో చెప్పాలి. పది పాదాలకు కర్ర చీలమండ దాకా వెనక్కి పోవాలి. ఇరవైకి పిక్క సగం దాకా. ముప్పైకి మోకాలు. నేను పెరుగుతాను కదా, అందుకని ప్రతి నెల మొదటి తేదీన పలక మీద నా కాలు పెట్టించి సుద్దతో గీత గీసేవాడు, దాన్నిబట్టి తన లెక్క సర్దుకునేవాడు. నేను నడిచేటప్పుడు ఆయన గుంతను చూసేవాడు కాదు, నా ముఖమూ చూసేవాడు కాదు. మడమకూ వేలికీ మధ్య సందు వదులుతానేమోనని నా కాళ్లనే చూసేవాడు. నాకు మాత్రం ఇద్దరి మాటా నిజమే అనిపించేది. గుంతను చూస్తే చేతికి తెలుస్తుందంటే, చేతికి ఎవరు చెబుతారు? లెక్క ఉంటే చాలంటే, అదే లెక్కకు ఒకరోజు బంతి పడి, ఒకరోజు పక్కకు ఎందుకు పోతుంది? తర్వాత నేను ముప్పై మూడేళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరకలేదు.

ఒక ఏడు ఎండాకాలానికి ముందు, నంద్యాల బడి డ్రిల్లు మాస్టరు పదవి విరమిస్తున్నాడని అమ్మ కబురు తెచ్చింది. ఆ చోటు నాయనకు వస్తే నలుగురం ఒక ఇంట్లో ఉండొచ్చు. "దొర నీతో ఆటలాడతాడు గదా. నోరు తెరిచి అడుగు" అంది అమ్మ. నాయన బెల్టు తుడుచుకుంటున్నాడు. "అర్జీ పెట్టినా గదా."

"అర్జీలు పెట్టినోళ్లు పదిమంది ఉండారు. నువ్వు అడుగు."

"ఆట అయినాంక అడుగుతాలే."

అవ్వ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. ఆమె ఆళ్లగడ్డ వదిలి రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. తాత సమాధి అక్కడుంది, రెండెకరాల జొన్నచేను అక్కడుంది. "పోండి, పోండి. నేనొక్కదాన్నే ఉంటా. నాకేం భయమా" అంది, ఎవరూ అడగకుండానే. చేట చప్పుడు ఆ తర్వాత చాలాసేపు పెద్దగా వినిపించింది.

బడి వార్షికోత్సవం శనివారం వచ్చింది. దొర పొద్దున వస్తాడు, ఆట ఆడతాడు, మధ్యాహ్నం బహుమతులు పంచుతాడు. అమ్మ ముందురోజే వచ్చింది. నాకు ఎర్రబూట్లు తెచ్చింది, బైబిలు వాక్యం ఒప్పజెప్పడానికి వేదిక ఎక్కేది ఉంది కదా అని. "రెండేండ్లు రావాల" అని పెద్దవి కొనింది. నా జీవితంలో మొదటి బూట్లు. తెల్లవారి చూస్తే అవ్వ మూడో కళ్లాన్ని మళ్లీ అలికేసి ఉంది. నాయన బొక్కెన అక్కడే పెట్టేసి వచ్చాడు. "మా, ఇయ్యాల అలకొద్దని చెప్తి గదా."

"దొరలొస్తాంటే, నా కోడలొచ్చింటే, పాత అలుకుడు మీద నిలబెట్టేదా? ఎండుతాదిలే. బేగా ఎండుతాది."

నాయన తిరిగి పోయి బొక్కెన అందుకున్నాడు. అమ్మ వంటింట్లోనుంచి చూసింది. అవ్వ అలవాటు కొద్దీ చేసిందా, కావాలని చేసిందా అని ఇప్పటికీ నాకు అనుమానమే. అడగడానికి ఆమె లేదు, ఉన్నా చెప్పే మనిషి కాదు. నాయన వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని నాకు బూట్లు తొడిగాడు. మడమ వెనక తన వేళ్లు దూర్చి చూశాడు. "వేలెడు జాగా ఉండాది" అన్నాడు. పాత పంచె చించి ముందువైపు కుక్కి, పట్టీ బిగించి, లేచి నిలబడమన్నాడు. నేను టకటక నడిచి చూపించాను. నాకు అంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ లేదు.

మొదటి గుంత దొర గెలిచాడు, రెండోది నాయన. మూడో దగ్గర దొర లేపి వేసిన బంతి గుంతకు జానెడు దూరంలో ఆగింది. నాయనది కళ్లానికి పడమటి వైపు అంచున పడింది. దొర ఒక చిన్న తట్టుతో తనది లోపల వేసేశాడు. ఇక నాయన వేస్తే సమానం, లేకపోతే ఓటమి. అప్పుడు దొర నవ్వుతూ కర్ర భుజాన పెట్టుకుని అన్నాడు. ఆయన తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి, మాట్లాడేదీ అదే తెలుగు. "మాస్టరూ, ఈ బంతిని మీరు లోపల వేసినయెడల, జూన్ మాసము మొదలుకొని మీరు నంద్యాలలో ఉందురు." తమాషాకే అన్నాడేమో. కానీ నేను పుట్టినప్పటి నుంచి ఆ భాషలో విన్నవన్నీ వాగ్దానాలే. ఆ భాషలో ఎవరైనా తమాషా చేస్తారని నాకు తెలియదు.  అమ్మ తమ్ముణ్ని ఎత్తుకుని బడి గోడ పక్కన నిలబడి ఉంది.

నాయన బంతి పక్కన గుర్తుకు ఒక పుల్ల గుచ్చాడు. "పాపా, లెక్క" అన్నాడు.

నడిచాను. మడమకు వేలు, మడమకు వేలు. ఎంత జాగ్రత్తగా నడిచానంటే, శ్వాస కూడా బిగబట్టాను. పచ్చి అలుకుడు మీద బూట్ల అచ్చులు పడతాయని, బంతి పోయే దారికి పక్కగా, తేలిగ్గా అడుగు వేశాను. "పదహారు" అన్నాను. నాయన వంగాడు. అవ్వ చేతి గీతలు చూశాడు. కర్ర చీలమండ దాటి, పిక్క కిందికి వెళ్లి, అక్కడ ఒక క్షణం ఆగి, దిగింది. బంతి గీత వెంట చక్కగా గుంతవైపే దొర్లింది. మెల్లగా, ఇంకా మెల్లగా పోయి ఆగింది. గుంతకు మూరెడు ఇవతల. ఒక్క వేలు కూడా పక్కకు పోలేదు. పొట్టి పడింది, అంతే. నాయన ఆటలో ఉన్న ఒకే ఒక తప్పు గట్టిగా కొట్టి గుంత దాటించడం. పొట్టిగా కొట్టడం నేను అంతకుముందు చూడలేదు. "ఫరవాలేదు మాస్టరూ" అని దొర ఆయన వీపు తట్టాడు. అమ్మ తమ్ముణ్ని దింపి, మళ్లీ ఎత్తుకుని, లోపలికి పోయింది. బహుమతుల సభలో నేను వాక్యం సగంలో మర్చిపోయాను. ఆ సాయంత్రం అవ్వ కోడిని కోసి పులుసు పెట్టింది. ఎవరి కోసమో చెప్పలేదు. అందరికీ వడ్డించింది, నాయనకు మాత్రం రెండుసార్లు. అమ్మ ముట్టలేదు. నాయన తిన్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, అవ్వ మీద ఇంకా కోపం వచ్చింది.

సోమవారం పొద్దున బడికి పోయేముందు నేనొక్కదాన్నే కళ్లం దగ్గరికి పోయాను. కొట్టకముందు బంతి ఉన్న చోట నాయన గుచ్చిన పుల్ల ఇంకా అట్లాగే ఉంది. వట్టికాళ్లతో నడిచాను. పద్దెనిమిది వచ్చింది. మళ్లీ నడిచాను. పద్దెనిమిదే. అప్పుడర్థమైంది. శనివారం నేను కొలిచింది నా పాదాలతో కాదు, రెండేళ్లు రావాలని కొన్న బూట్లతో. రెండు పాదాలు, అంటే సరిగ్గా మూరెడు.  ఇంటికి పోయి బూట్లు గుడ్డలో చుట్టి బొంతల పెట్టె అడుగున దాచాను. అమ్మ తర్వాతి నెల అడిగితే, కరుస్తున్నాయని చెప్పాను. ఎవరికీ నిజం చెప్పలేదు. జూన్‌లో నంద్యాల చోటు వేరొకరికి పోయింది. ఆ ఆట వల్లనే పోయిందో, అర్జీ కిందపడి పోయిందో, నాయన అడగనందుకు పోయిందో, నాకు తెలియదు. దొర మరుసటి ఏడు వాళ్ల దేశానికి వెళ్లిపోయాడు. నాయన నంద్యాలకు మారింది నాలుగేళ్ల తర్వాత, అవ్వ పోయాక. పోయేరోజు పారతో తవ్వి ఈ పడిని బయటికి తీసి, కడిగి, సామాన్ల బండిలో వేశాడు. అప్పటికి తమ్ముడు బడిలో చేరి ఉన్నాడు. నాయనను "నాయనా" అనడం వాడికి చివరిదాకా సరిగ్గా రాలేదు. పెద్దవాడయ్యాక కూడా నలుగురిలో ఉంటే "మా సార్" అనేసి నాలుక కరుచుకునేవాడు. అది విన్న ప్రతిసారీ నాకు నా కాళ్లు గుర్తుకొచ్చేవి.

ఇదంతా ఆరోజు నడవలో కూర్చుని తమ్ముడికి చెప్పాను. అనుకుని చెప్పలేదు, పడి ఒళ్లో ఉంది కాబట్టి నోట్లోంచి వచ్చేసింది. వాడి మనవడు పక్కన టీవీలో ఆ ఆటే పెట్టాడు. పచ్చటి గడ్డి మీద ఒకడు చిన్న గొట్టం కంటికి పెట్టుకుని చూస్తే, గుంత ఎంత దూరమో అందులో అంకె కనిపిస్తుందట. వెంట్రుకవాసి తేడా కూడా రాదని ఆ పిల్లవాడు చెప్పాడు. మరి వాళ్లకు కూడా పొట్టి పడుతుందా అని అడిగాను. పడుతుందన్నాడు. కొంచెం మనసు కుదుటపడింది, ఎందుకో తెలియదు.

తమ్ముడు లేచి టీవీ చప్పుడు తగ్గించి వచ్చి కూర్చున్నాడు. వాడు తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చివరికి, "ఆ ఆట సంగతి నాయన నాతో ఒకటే మాట చెప్పినాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు. ఇంకేం చెప్పల్యా" అన్నాడు.

"ఏమని?"

"మీ అక్క లెక్క ఒక్కనాడు గూడా తప్పలేదురా, అన్నాడు."

 "తప్పింది గదరా. ఇప్పుడు చెప్తి గదా. నాయనకు తెల్దు, అంతే."

ప్రసాదు నా ఒళ్లోంచి పడి తీసుకుని, అడుగు చిల్లుల్లోంచి వెలుతురు చూశాడు. వాడు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అందులో వాడు నాయన పోలికే. "అక్కా, నువ్వు నడుస్తాంటే నాయన యాడ చూస్తాండె?"

నాయన పదహారుకే కొట్టింది, అవ్వ పచ్చిగా అలికినందుకు తప్పు తన మీద వేసుకుని ఆమెను కాయడానికా, ఆమెను వదిలి పోలేకనా, అందరిముందు నన్ను తప్పనలేకనా, లేక బంతి ముందు వంగేసరికి పొద్దున తన వేళ్లతో కొలిచిన జాగానే ఆయన మర్చిపోయాడా? ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఏది నిజమో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. కానీ తమ్ముడు అడిగింది అది కాదు. వాడడిగినదానికి నాకు జవాబు తెలుసు.

"నా కాళ్ల తట్టు" అన్నాను.